తూకానికి అందని తరుగు

ఉయ్యాల గదిలో అడుగుపెట్టగానే కాటాకి ఆవలింత వచ్చింది.

పరిశోధనకి వచ్చినవాడు ఆవలిస్తే ఎదుటివాళ్లకి లోకువైపోతాడు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. కానీ ఆ గది అలాంటిది. గోడల పొడవునా గాజు తొట్లు. తొట్ల నిండా మనిషి ఒంటి వేడికి కాచి నిలిపిన ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో పళ్లేలు, పళ్లేల్లో సీసాలు, ఒక్కో సీసాలో అగ్గిపుల్లలో సగం కూడా లేని లోహపు జాలీ గొట్టం. పళ్లేలు అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగుతున్నాయి. కంటికి కనపడని తల్లి ఎవరో వేరే పని చేసుకుంటూ, కాలి బొటనవేలితో తాడు లాగుతున్నంత నిదానంగా. దీపాలు నీలంగా, మసగ్గా ఉన్నాయి. బయట పట్టపగలని ఆయన ఒకటికి రెండుసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

"సిగ్గుపడకండి, అందరికీ వస్తుంది," అంది తొట్ల మధ్య నిలబడ్డ ఆవిడ. నలభై దాటిన మనిషి. గొంతు మెత్తగా, పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టు ఉంది. "చేరిన కొత్తలో నేను నిలబడే నిద్రపోయేదాన్ని. అందుకే జోలమ్మ అని పేరు పెట్టారు. పూత ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్షించే పని నాది."

"నాకూ పెట్టిన పేరే ఉంది లెండి," అన్నాడాయన. "కాటా అంటారు."

ముప్పై ఏళ్లు రాగి, ఇత్తడి, తగరం టోకున అమ్మి బతికిన మనిషి. గోదాముల్లో సరుకు మాయమైతే దొంగని పట్టుకోవడం మొదట సరదాగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత కొట్టు మూసేసి అదే వృత్తి చేసుకున్నాడు. ఏ కేసైనా ఆయనకి ఒకటే లెక్క. వచ్చిన సరుకెంత, మిగిలిన సరుకెంత, మధ్యలో తరుగెంత. తరుగు ఎక్కడ కనపడితే దొంగ అక్కడ ఉంటాడు. ఈ లెక్క ఇంతవరకూ ఆయన్ని మోసం చెయ్యలేదు.

ఈ కేసులో సరుకు స్టెంటు. మూసుకుపోయిన గుండె నాళాన్ని తెరిచి, మళ్లీ ముడుచుకోకుండా లోపల నిలబెట్టే జాలీ గొట్టం. దాని మీద కంటికి ఆనని పూత, ఆ పూతలో మందు. మూడు నాలుగు నెలలపాటు పూత కొంచెం కొంచెంగా కరుగుతూ మందు వదలాలి. పని అయ్యాక తానూ ఆనవాలు లేకుండా పోవాలి. ఆ గొట్టాలకి పూత వేసే శాల ఇది.

నెలన్నర కిందట ఒక డ్రాయింగు మాస్టారికి ఆ గొట్టం వేశారు. పోయిన వారం ఆయన కుర్చీలో కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ చెక్కుకుంటూ అలాగే ఒరిగిపోయాడు. గొట్టంలో రక్తం గడ్డకట్టింది. పోస్టుమార్టంలో తీసి చూస్తే పూత లేదు. ఉత్త లోహం, దాని మీద అక్కడక్కడా పొట్టు. కాలం చెల్లిన ముక్క వేసిందని గుండె డాక్టరమ్మ మీద నేరం మోపారు. ఇవాళ సాయంత్రం విచారణ కమిటీ కూర్చుంటుంది. ఆవిడ మళ్లీ రోగిని ముట్టుకోవచ్చో లేదో అక్కడ తేలిపోతుంది.

కాటా తిరుగుతున్నది డాక్టరమ్మ కోసమేనని అందరూ అనుకుంటున్నారు. కొంతవరకూ నిజమే. అసలు సంగతేమిటంటే, ఆ పెట్టెలో వచ్చిన ఆరు గొట్టాల్లో రెండే వాడారు. ఒకటి మాస్టారి గుండెలో వేశారు. రెండోది కాటా అక్క గుండెలో ఉంది.

అక్కకి కడుపులో పుండు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటే అది తిరగబడుతుంది. నెల రోజులకే మాత్రలు ఆపెయ్యవచ్చని ఈ రకం గొట్టం ఎంచుకున్నారు. ఆపి నాలుగు రోజులైంది. మళ్లీ మొదలుపెడితే కడుపులో రక్తం కారవచ్చు. పెట్టకపోతే, పూత గనక పాడైనదే అయితే, గుండెలో గడ్డ కట్టవచ్చు. పూత మంచిదో కాదో తేలితే తప్ప ఏ దారీ ఎంచుకోవడానికి లేదు. తీసి చూద్దామంటే అది తీసే వస్తువు కాదు.

"అమ్మా, సూటిగా అడుగుతాను," అన్నాడు కాటా. "ఈ పూత రోజుకెంత తూకం తగ్గుతుంది? నాకు ఆ ఒక్క అంకె చెప్పండి, మిగతాది నేను కట్టుకుంటాను."

జోలమ్మ నవ్వింది. "ఏమీ తగ్గదండీ."

"కరుగుతుందన్నారుగా?"

"కరుగుతుంది. తూకం మాత్రం చాలాకాలం తగ్గదు." ఆవిడ ఒక సీసా పైకి తీసి ఆయన కళ్ల ముందు పెట్టింది. లోపలి గొట్టం నీలి వెలుతురులో చేపపిల్ల ఎముకలా మెరిసింది. "పూతంటే పొడుగాటి గొలుసులు, జడకుచ్చులా చిక్కుపడి ఉంటాయి. నీరు లోపలికి ఇంకి ఒక్కో గొలుసునీ ఎక్కడో ఒకచోట తుంచుతుంది. తెగిన ముక్కలకి ఆమ్లంలా పులుపు ఉంటుంది. ఆ పులుపు పక్క గొలుసుల్ని ఇంకా తొందరగా తెంపుతుంది. కానీ తెగిన ముక్కలు ఎక్కడికి పోతాయి? అక్కడే ఉంటాయి. తూచితే నిన్నటి బరువే. భూతద్దంలో చూసినా నిన్నటి నునుపే. లోపల మాత్రం ఒకదానికీ ఒకదానికీ పట్టు ఉండదు. ఆఖరికి ఒకరోజు, ముట్టుకోగానే ఉల్లిపొర రాలినట్టు..."

వాక్యం పూర్తి చెయ్యకుండా సీసాని మళ్లీ పళ్లెంలో పడుకోబెట్టింది. పళ్లెం దాన్ని అందుకుని ఊగడం మొదలుపెట్టింది.

కాటాకి కాళ్ల కింద నేల కూడా అటూ ఇటూ ఊగినట్టయింది. తూకం తగ్గకుండా సరుకు నాశనమవడమా? ముప్పై ఏళ్లు దేని మీద చెయ్యేసి ప్రమాణం చేశాడో, అది ఇక్కడ చెల్లదా?

"వేడికి తొందరపడుతుందా?"

"వేడికీ, తేమకీ. రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. పక్కన ఎండగది ఉంది. అక్కడ పెడితే మన వారం దానికి కొన్ని నెలలు. బయట కాలం ఒకలా నడుస్తుంది, అందులో ఇంకోలా నడుస్తుంది. ఒక్కోసారి లోపలికెళ్లి వచ్చాక అద్దంలో చూసుకుంటాను, జుట్టు నెరిసిందేమోనని."

"ఏమ్మా, ఈయనకి కూడా నిద్రపుచ్చే కబుర్లు చెబుతున్నావా?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఆ గొంతు కాటాకి కొత్త కాదు. కంపెనీ తరఫున పరిశోధించే మనిషి. ఎంత ఉక్కపోతలోనూ కోటు విప్పడు కాబట్టి అందరూ కోటు అనే అంటారు. వెనక ఒక గోదాము కేసులో కాటా చేతిలో భంగపడ్డాడు. అప్పటినుంచి ఇద్దరికీ ఒకరినొకరు చూస్తే ఒళ్లు మంట.

"రండి కోటుగారూ. ఇంకా విప్పలేదా?"

"మీరింకా తూస్తూనే ఉన్నారా? ఇక్కడ తూచడానికి నీళ్లు తప్ప ఏం లేవే!" కోటు లోపలికి వచ్చి తొట్టి అంచు మీద చెయ్యి పెట్టాడు. "మాస్టారు మాత్రలు మానేశాడు. మానేసిన ఐదో రోజున పోయాడు. ఇందులో పరిశోధించడానికి ఏముందో నాకు అర్థం కాదు."

"మానెయ్యమన్నదెవరు?"

"డాక్టరమ్మ."

"ఆవిడకి చెప్పిందెవరు? మీ పెట్టెలో మీరు పెట్టిన కాగితం. మా పూత అంత మంచిది, నెల చాలు అని."

"పూత మంచిదే. ఆవిడ వేసింది మంచిది కాదు. ఆస్పత్రి అలమరాలో ఏ మూలో మగ్గిపోయిన పాత ముక్క."

"పెట్టె అందిన వారంలో వేశారండీ. అలమరా మూల వెతుక్కునేంత తీరిక కూడా దానికి దొరకలేదు."

"అయితే మాస్టారి ఒంట్లోనే ఏదో ఉంది. కొంతమంది రక్తం పులుపెక్కువ."

"కోటుగారూ, మూడు మాటలన్నారు, మూడూ మూడు దారుల్లో పోయాయి. ఒకటి పట్టుకోండి, నేను ఆగుతాను."

కోటు ముఖం గంటుపెట్టుకున్నాడు. జోలమ్మ నవ్వు కనపడకుండా తొట్టివైపు తిరిగింది.

కాటా చొక్కా లోపలి జేబులోంచి ఒక వెండి రంగు సంచి తీశాడు. అరచేయంత రేకు సంచి. "మాస్టారి కోడలు ఇచ్చింది. గొట్టం వచ్చిన సంచిలోనే గుర్తింపు కార్డు పెట్టి రోగికి ఇచ్చేస్తారట. పొద్దున దీన్ని బల్ల మీద ఆరగంట చూశాను, ఏమీ కనపడలేదు. తర్వాత కరెంటు పోయింది, టార్చి వేశాను. అప్పుడు కనపడింది. ఈ దీపాలొక్కసారి ఆర్పుతారా అమ్మా?"

జోలమ్మ మీట నొక్కింది. గది చీకట్లో మునిగింది. నీళ్ల చప్పుడు మటుకు మిగిలింది. కాటా ఫోను టార్చి వెలిగించి సంచి లోపలికి దూర్చాడు. రేకు మీద, ఎడమవైపు కింది మూల, నాలుగు చుక్కలు వెలిగాయి. సూదిమొన అంతేసి. చీకట్లో అంత చిన్న చుక్కలు కూడా ఎక్కడో చాలా దూరాన ఉన్నట్టు కనిపించాయి.

"నోటీసు బోర్డుకి గుచ్చి ఉంటారు," అంది కోటు గొంతు.

"బోర్డుకి గుచ్చేవాడు నాలుగు మూలలా ఒక్కోటి గుచ్చుతాడు. ఒకే మూల నాలుగు గుచ్చుకుంటూ కూర్చోడు."

"చిన్నపిల్లలు ఆడుకుని ఉంటారు."

"మాస్టారింట్లో చిన్నపిల్లలు లేరు. అమ్మా, మీరేమంటారు?"

కాటా టార్చి అటు తిప్పాడు. జోలమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుడిచేత్తో తన ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, అది తనది కానట్టు.

"అవి నా చుక్కలు," అందావిడ.

*

ఎండగది పక్కనే. తలుపు తియ్యగానే ఆవిరి ముఖాన కొట్టింది. ఇద్దరు పట్టేంత జాగా. గోడకి ఒక ఇనప అర, దాని మీద ఆరు వెండి సంచులు వరసగా, ఒద్దికగా నిలబడి ఉన్నాయి. కోటు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ వేడికి కోటుతో లోపలికి వెళ్లడం అయ్యేపని కాదు, విప్పడం ఆయనకి ఇష్టం లేదు.

"రేకు సంచి తేమని లోపలికి రానివ్వదు," అంది జోలమ్మ. ఇప్పుడావిడ మాట ఇంకా మెల్లగా ఉంది. "దారిలో ఎక్కడైనా గీసుకుని చిన్న రంధ్రం పడితే? పూత ఎంత తొందరగా పాడవుతుంది? అది చూడాలని అమ్మకానికి సిద్ధమైన ఆరు సంచులు తీసుకున్నాను. నాది ఎడమచేతి వాటం. ఎడమ మూల కుట్టుసూదితో అటునుంచి ఇటు దాకా పొడుస్తాను. మొదటి సంచికి ఒకటి, రెండోదానికి రెండు, అలా ఆరు దాకా. లోపల ఇంకో పొర ఉంటుంది, దాన్ని ముట్టుకోను. అలా పొడిచి ఇక్కడ పెట్టాను. మధ్యలో మా అబ్బాయి కాలు విరిగింది, పది రోజులు సెలవు పెట్టాను. వచ్చి చూస్తే ఆరూ ఉన్నాయి. వచ్చే నెల దాకా ఇవి విప్పకూడదు. అందుకని ముట్టుకోలేదు."

"ముట్టుకుందాం రండి," అన్నాడు కాటా.

మొదటి సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు. విప్పకుండానే టార్చిని వెనక ఆనించి, రేకు అంచుని వెలుతురుకి ఎదురుగా తిప్పాడు. చుక్క లేదు. రెండోది. లేదు. మూడోది తీసేసరికి చెమట కంట్లోకి కారింది, తుడుచుకున్నాడు. ఆరోదాన్ని జోలమ్మే తీసుకుంది. సంచి అంగుళం అంగుళం తిప్పింది. వెలుతురుకి అడ్డంగా నల్లబడ్డ రేకు, మబ్బు కమ్మిన రాత్రిలా మూసుకుని ఉంది.

"ఇవి నావి కావు," అందావిడ. "ఇన్నాళ్లూ మంచివాటికి కాపలా కాశాను."

"మీవి పెట్టెలో ఆస్పత్రికి వెళ్లాయి," అన్నాడు కాటా. "కోటుగారూ, కొంచెం సాయం చెయ్యండి. ఇక్కడ సరుకు పెట్టెల్లో సర్దేదెవరు?"

కోటు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కంపెనీ మనిషి కంపెనీ మనిషిని చూపించడం కష్టమే. "బావగారు," అన్నాడు చివరికి.

*

బావగారంటే యజమానికి బావమరిది. చెల్లెలి పెళ్లితో పాటు ఈ ఉద్యోగం కూడా ఆయనకి కుదిరింది. పనివాళ్ల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరూ బావగారనే పిలుస్తారు. గుండ్రంగా, గలగలమంటూ, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. సర్దుగదిలో పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు బల్ల మీద చిన్న తూకం యంత్రం అద్దపు గూట్లో మెరుస్తోంది. కాటా కళ్లు దాని మీద ఒక్క క్షణం ఎక్కువే ఆగాయి.

"రండి రండి! మీ పేరు వినడమే గానీ చూడలేదు. కూర్చోండి. కాఫీ చెప్పనా?"

"వద్దు బావగారూ. ఒక్క సంగతి. వస్తూ దారిలో పనివాళ్లని అడిగాను. పూత యంత్రం చెడిపోయి మూడు రోజులు ఆగిందట కదా?"

"ఆగిందండీ. ఆ మూడు రోజులూ నాకు కంటిమీద కునుకు లేదు."

"ఆ రోజుల్లోనే గుండె ఆస్పత్రివాళ్లు ఆరు గొట్టాలు అడిగారు. మీరు పంపారు. ఎక్కడివి?"

"స్టాకులోవి."

"స్టాకు ఖాళీ అయిందని మీరే అందరి మీదా కేకలేశారట?"

బావగారు పక్కనున్న పెట్టె మూత సవరించాడు. "ఖాళీ అంటే... మాటవరసకి అంటాం కదండీ. వెతికితే ఏదో ఒక మూల..."

"ఆయన ఇక జవాబు చెప్పడు," అన్నాడు కోటు ముందుకొచ్చి. "బావగారూ, మీరు లేచి వెళ్లండి. వకీలు లేకుండా ఒక్క మాట కూడా..."

"వకీలెందుకండీ?" కాటా నవ్వుతూ ఇంకో స్టూలు లాక్కుని బావగారి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. "ఇందులో నేరమేముంది? నేనూ వ్యాపారం చేసినవాణ్నే. బేరం వచ్చిన రోజున కొట్లో సరుకు ఉండదు. పక్క కొట్లోంచి ఒక బస్తా తెస్తాం, బేరం నిలబెట్టుకుంటాం. మన సరుకు దిగగానే బస్తాకి బస్తా తిరిగి ఇచ్చేస్తాం. ఎన్నిసార్లు చెయ్యలేదూ! సరుకు సరుక్కి సరిపోయింది, ఎవరికీ నష్టం లేదు."

బావగారి ముఖం దీపం వెలిగించినట్టు విప్పారింది. "అదేనండీ! సరిగ్గా అదే నేను చేసింది! ఎండగదిలో ఆరు ఊరికే నిలబడి ఉన్నాయి. మన లేబులే, మన సంచే. జోలమ్మ సెలవులో ఉంది. ఆరు తీశాను, పంపాను. యంత్రం బాగవగానే కొత్తవి ఆరు తెచ్చి అదే వరసలో పెట్టాను. ఒక్కటి అటూ ఇటూ కాలేదు!"

జోలమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఎందుకో అర్థం కాక బావగారు ఒక్కొక్కరి ముఖమే చూశాడు.

"నేనేం కళ్లు మూసుకుని పంపలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎండగదిలో ఉన్నవి కదా, ఏమైనా కరిగాయేమోనని ఒక్కో సంచినీ తూచాను. ఎండగది పుస్తకంలో జోలమ్మ వరసగా ఒక్కో సంచి బరువు ముందే రాసి పెడుతుంది. దాంతో సరిచూశాను. ఒక్కటి కూడా తగ్గలేదు. తగ్గి ఉంటే పంపేవాణ్నా? నాకు పిల్లల్లేరా?"

"తగ్గదు బావగారూ," అంది జోలమ్మ. ఆవిడ తూకం యంత్రం అద్దపు తలుపు మూసేసింది. "అది తగ్గదు."

కాటా ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేకపోయాడు. ఈ ఉదయం దాకా ఆ గదిలో తానున్నా అదే చేసేవాడు. తూచి, సరిపోయిందని మనశ్శాంతిగా చేతులు దులుపుకునేవాడు. తన ముప్పై ఏళ్ల నమ్మకం ఎదురుగా స్టూలు మీద కూర్చుని బిక్కచూపులు చూస్తోంది.

"సంచి ఇటివ్వండి," అన్నాడు కోటు. అన్నంతసేపట్లోనే కాటా చేతిలోని మాస్టారి సంచి అంచు పట్టుకున్నాడు.

కాటా వదల్లేదు. "దీన్ని చింపేసినా లాభం లేదు కోటుగారూ. మిగతా నాలుగూ ఆస్పత్రిలో ఉన్నాయి, కమిటీవాళ్లే సీలు వేయించారు. సాయంత్రం వాళ్లు టార్చి వేసుకుంటే చాలు. చుక్కలు లెక్కపెట్టడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు."

"నేను చింపడానికి అడగలేదు."

"మరి?"

కోటు సంచిని చూస్తూ ఉండిపోయాడు. కణతల మీంచి చెమట కారి కాలరులోకి ఇంకుతోంది. "నాలుగేనా అని మళ్లీ చూద్దామని. మూడో నాలుగో అయితే తేడా ఏమైనా ఉంటుందా?"

ఇప్పటిదాకా ఆయన నోటివెంట వచ్చిన మాటల్లో అదొక్కటే అసలైన ప్రశ్న అనిపించింది కాటాకి. ఎందుకంటే తన నాలిక చివర ఉన్నదీ అదే. అడిగితే జవాబు వస్తుందన్న భయంతో ఇంతసేపూ అడగలేదు.

"తేడా ఉందా అమ్మా?" అన్నాడు.

జోలమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఇదివరకు ఇలాంటి పరీక్షే ఒకసారి చేశాను. మూడు రంధ్రాల దాకా పూత బలహీనపడింది గానీ నిలిచింది. అలాంటిది లోపల ఉంటే కంగారు లేదు, డాక్టరమ్మ చూసుకుంటూ ఉంటే చాలు. కడుపులో పుండు ఉన్నవాళ్లకి మాత్రలు మళ్లీ వెయ్యక్కర్లేదు. నాలుగైతే మీరు చూశారు. మాత్రలు ఉన్నన్నాళ్లే కాపాడతాయి. ఐదు, ఆరు..." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గొట్టం తెరుచుకునేటప్పుడే పూత పెచ్చులు రేగిపోయి ఉంటుంది. మందంతా మొదటి రోజుల్లోనే కొట్టుకుపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే అది మాత్రల చలవ."

"ఏది ఎవరికి వెళ్లిందో..."

"నేను కలిపి పెట్టెలో వేశానండీ," అన్నాడు బావగారు వినీ వినపడకుండా.

కాటా ఫోను తీశాడు. అక్క నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల మోగింది, మోగింది. ఇక ఎత్తదు అనుకున్నప్పుడు ఎత్తింది.

"ఏరా?" అక్క గొంతు నిద్రలోంచి నడిచివచ్చినట్టు ఉంది. "కునుకు పట్టిందిరా తమ్ముడూ. అమ్మ కలలోకి వచ్చింది. మంచం పట్టె మీద కూర్చుంది, ఏమీ మాట్లాడదే. రమ్మనీ అనదు, ఉండమనీ అనదు. ఊరికే కూర్చుంది."

"అక్కా, గొట్టం కార్డు పెట్టి ఇచ్చిన వెండి సంచి ఎక్కడుంది?"

"బీరువాలో ఉంది. ఏం, దాన్ని కూడా తూస్తావా?"

"నవ్వొద్దు. తీసుకుని కిటికీ దగ్గరికి రా. మెల్లగా రా."

బీరువా తలుపు కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటున్న చప్పుడు. సర్దుగదిలో నలుగురూ ఆ చప్పుడే వింటున్నారు.

"వచ్చాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"కార్డు తీసేసి, సంచి మూతి తెరిచి, ఎండకేసి పట్టుకుని లోపలికి చూడు. చిన్నప్పుడు కాగితం గొట్టంలోంచి చూసేవాళ్లం కదా, అలాగ."

"అబ్బో! ఎంత బాగుందిరా! లోపలంతా చీకటి, ఓ మూల చుక్కలు. ఎవరు పెట్టారివి?"

"ఎన్ని?"

"ఉండు, కళ్లజోడు... ఒకటి. రెండు. కదిలిపోతున్నాయి. నా చెయ్యే వణుకుతున్నట్టుంది. మూడు."

మూడు దగ్గర ఆగితే చాలు. కాటా జీవితంలో ఏ లెక్కనీ తక్కువ రమ్మని కోరుకోలేదు. ఇప్పుడు కోరుకున్నాడు.

"నాలుగు," అంది అక్క.

బల్ల అవతల కోటు తన ఫోను చెవికి ఆనించుకున్నాడు. "డాక్టరమ్మగారూ, నేను... కంపెనీ తరఫు... అవును, నేనే. దయచేసి పెట్టెయ్యకండి. మీ తప్పు లేదు. అది తర్వాత మాట్లాడుకుందాం. మీ రెండో పేషెంటు, కాటాగారి అక్క, ఆవిడ ఇంటికి ఇప్పుడే అంబులెన్సు పంపించండి. ఇప్పుడే అంటే ఇప్పుడే."

"ఐదు. ఉండరా, కాస్త ఊపిరి పీల్చుకోనీ. నాలుగడుగులు వేసినందుకే ఎంత ఆయాసమో చూడు. ముసలిదాన్నైపోయాను."

"చాలు అక్కా." కాటా అప్పటికే గుమ్మం దాటాడు. వెనకే కోటు పరుగెత్తుకొస్తున్నాడు, చేతిలో కారు తాళాలు. "లెక్క చాలు. కింద కూర్చో. అక్కడే, కిటికీ కిందే కూర్చో. నేను వస్తున్నాను."

"ఇంకోటి ఉందిరా, కాస్త పక్కకి. లెక్క సగంలో ఆపితే నీకు నచ్చదుగా." ఆమె మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెరుగుతోంది. పళ్లెం ఒక పక్కకి ఒరిగి, రెండో పక్కకి రావడానికి ఆలోచిస్తున్నట్టుగా. "ఆరు."

"అక్కా?"

ఫోనులోంచి మాట రాలేదు. రేకు సంచి ఒకటి నేల మీద పడితే అయ్యే చప్పుడు ఎంత తేలికైనదో కాటాకి ఆ క్షణాన తెలిసింది.